వదలకండి అని వెళ్ళిపోయిన మేస్త్రి

పోయిన నెల ఎల్బీ నగర్‌లో మా ఇంటి కింద, కారు పెట్టే చోట షటరు స్ప్రింగు తెగింది. ఎంత చప్పుడంటే, పై వాటాలో కిరాయికున్నవాళ్ళు గ్యాస్ బండ పేలిందనుకొని పిల్లల్ని చంకనేసుకొని మెట్లు దిగారు. మర్నాడు బాగుచేసేందుకు ఒకాయన స్కూటరు మీద వచ్చాడు. ఒక్కడే. ముందు బేరమాడాను. ఎనభైకి దగ్గరపడ్డా ఆ జబ్బు నయం కాలేదు. బేరం తెగాక ఆయన నిచ్చెనెక్కి, షటరు చుట్టుకునే ఇరుసుకు పానా తగిలించి, దాని పిడికి సరిగ్గా ఎదురుగా మొహం పెట్టి నిలబడ్డాడు.

"మొహం పక్కకు పెట్టు నాయనా!" అని అరిచాను. "పిడి తిరిగే దారిల మనిషి ఉండొద్దు. ఇద్దరు లేంది గా బోల్టు ఇప్పకు."

ఆయన కిందికి చూసి నవ్వాడు. "ఏందమ్మా, నువ్వు గూడ షటర్ల పని చేసినవా ఏంది?"

"చెయ్యలే. చేసెటాయన్ని చూసిన."

రెండో మనిషిని తెచ్చుకునేదాకా పని ముట్టనివ్వలేదు. సాయంత్రం తన అన్నను వెంటబెట్టుకొచ్చాడు. ఆ రెండో మనిషి కూలీ దగ్గర మాత్రం నేను నోరెత్తలేదు. అమ్మకు ఒంట్లో బాగాలేదేమోనని మా పిల్లలు నుదురు ముట్టి చూశారు.

నేను చూసిన ఆ మనిషి పేరు రాయను. ఆయన పిల్లలు, పిల్లల పిల్లలు ఇక్కడికి దగ్గర్లోనే ఉన్నారు. అయినా మా బజారులో ఎవరూ ఆయన్ని పేరుపెట్టి పిలవలేదు. స్ప్రింగు మేస్త్రి అనేవాళ్ళు. కోస్తా నుంచి వచ్చి సైదాబాద్‌లో ఒక సందులో కాపురముండేవాడు. పొట్టి మనిషి. ముంజేతులు మాత్రం ఎవరో పొడుగాటి మనిషివి తెచ్చి అతికించినట్టుండేవి.

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద అప్పట్లో దుకాణాలు తక్కువ. ఉన్నవాటికి చెక్క పలకల తలుపులు. పొద్దున ఒక్కొక్క పలకా తీసి గోడకు చేరవేసేవాళ్ళు. ఎల్బీ నగర్ అంటే చెప్పుకోడానికి రాళ్ళూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేవు. ఇబ్రహీంపట్నం దిక్కు పల్లె నుంచి వచ్చిన మా నాన్న గాజు, పింగాణీ సామాన్ల దుకాణం పెట్టాడు. లాంతరు చిమ్నీలు, కప్పులు, సాసర్లు, ఊరగాయ జాడీలు. నాన్నకు దమ్ము, అంటే ఉబ్బసం. ఇరవై ఏళ్ళకే గల్లా పెట్టె ముందు నేను కూర్చున్నాను. చర్చిలో కానుక సంచిలో రూపాయి వేసి అర్ధరూపాయి వెనక్కి తీసుకునే పిల్ల అని మా పాస్టరమ్మ నా గురించి అందరికీ చెప్పేది. అది ఒక్కసారే జరిగింది.

బజారులో మొదటి ఇనుప షటరు మాదే. ఎక్కడో కూలగొడుతున్న గోదాము నుంచి సగం ధరకు బేరమాడి తెచ్చాను. దుకాణానికి బిగించాక తెలిసింది, సగం ధరకు రెండింతల బరువు తెచ్చానని. దాన్ని ఎత్తడానికి పొద్దున్నే నేనూ నాన్నా కలిసి నడుం పెట్టాల్సి వచ్చేది. ఎత్తాక నాన్న పావుగంట దగ్గేవాడు. చివరికి ఎవరో చెబితే స్ప్రింగు మేస్త్రిని పిలిపించాం.

ఆయన ఒంటరిగా రాలేదు. వెనకే బావమరిది. ఆ బావమరిది మాట్లాడగా నేను విన్నది చాలా తక్కువ. వాళ్ళిద్దరూ పని మొదలుపెట్టే తీరు మా ప్రార్థన కూటం కంటే పద్ధతిగా ఉండేది. మేస్త్రి ముందు చేతి గడియారం, ఉంగరం తీసి జేబు రుమాల్లో మూట కట్టేవాడు. రోడ్డు పక్క నుంచి పిడికెడు పొడి మట్టి తెచ్చి అరచేతులు రుద్దుకునేవాడు, చెమటకు పిడి జారకుండా. షటరును పూర్తిగా పైకి చుట్టించి, ఆ చుట్టను తాడుతో రెండు చోట్ల కట్టేవాడు. అప్పుడు దుకాణంలో ఉన్న గిరాకీలందరినీ బయటికి పంపేవాడు. "అమ్మా, కప్పు తర్వాత చూద్దురు గాని. ముందు మీ తల చూసుకోండి," అనేవాడు.

స్ప్రింగు సంగతి నాకు అర్థమయ్యేట్టు చెప్పింది ఆయనే. షటరు పైన చుట్టుకొని ఉన్నప్పుడు లోపలి స్ప్రింగు కాస్త సడలి ఉంటుంది. కిందికి లాగినకొద్దీ బిగుసుకుంటుంది. దింపేటప్పుడు మనం పెట్టిన బలాన్ని అది దాచిపెట్టి, ఎత్తేటప్పుడు మనకిస్తుంది. అందుకే ఎంత బరువున్న షటరైనా లేస్తుంది. కానీ పూర్తిగా సడలిన స్ప్రింగు ఉండదు. షటరు పైనున్నా సరే, ఇరుసును గోడకు పట్టి ఉంచిన ఇనుప పట్టీలు విప్పితే ఆ మిగిలిన బలమంతా ఒక్కసారి ఇరుసును గిర్రున తిప్పేస్తుంది. అప్పుడు పానా పిడి ఎక్కడుంటే అక్కడ ఎముకలుండవు.

"దానికి కోపం లేదండి," అనేవాడు. "మనం తిప్పిన చుట్లు గుర్తుంటాయి, అంతే."

అందుకే రెండు పానాలు, ఇద్దరు మనుషులు. ఒకరు పట్టి ఉంచితే రెండోవారు తన పానా తీసి, పావు చుట్టు జరిపి మళ్ళీ తగిలించాలి. తగిలించి, బరువు తన చేతుల్లోకి వచ్చిందని రూఢి అయ్యాక "పట్టాను" అనాలి. ఆ మాట చెవిన పడకుండా మొదటివాడు పట్టు సడలించకూడదు. నిచ్చెనల మీద ఆ బావా బావమరుదులు "పట్టాను", "పట్టాను" అనుకుంటూ ఉంటే బయట నిలబడ్డ గిరాకీలు నవ్వేవాళ్ళు. మధ్యలో ఎవరు పలకరించినా ఇద్దరూ పలికేవాళ్ళు కాదు. ఒకసారి మా నాన్న "మేస్త్రీ, చాయ్ తాగుతవా?" అని నాలుగుసార్లు అడిగి, ఈయనకు చెవుడేమోనని నన్ను అడిగాడు.

పనయ్యాక ఆయన పరీక్ష ఒకటుండేది. షటరును నడుం ఎత్తుకు దింపి చేయి తీసేసేవాడు. సరిగ్గా కట్టిన స్ప్రింగైతే షటరు పైకీ పోదు, కిందికీ జారదు, అక్కడే ఆగుతుంది. దాని కింద గొంతుక్కూర్చొని బీడీ వెలిగించేవాడు. బీడీ అయ్యేదాకా లేచేవాడు కాదు. మా షటరు కింద అలా కూర్చున్నప్పుడు నేను గల్లా మీద నుంచి లేచి, "గిదేంది మేస్త్రీ, సగంల ఆగింది. రెండు చేతులు పెట్టి ఎత్తాల్నా? ఒక్క వేలుతోని లేవాలె," అన్నాను.

"వేలితో లేచే షటరు వేలు తీసుకుపోతుంది అమ్మాయిగారూ. అంత బిగిస్తే రేపు కిందికి రాదు, దానికి వేలాడాలి మీరు."

"వేలాడత. బజార్ల మొదటి షటరు నాది. ఒక్క వేలుతోని లేపి సూపియ్యాలె."

గారు అని పిలిచేవాళ్ళు ఆ బజారులో నాకు ఇంకెవరూ లేరు. ఆ గారు విన్నప్పుడల్లా ఇంకో మెట్టు ఎక్కి మాట్లాడేదాన్ని. ఆయన బీడీ ఆర్పి, చెవి వెనక పెట్టుకొని, మళ్ళీ మట్టి రుద్దుకున్నాడు. మర్నాటి నుంచి నేను పొద్దున్నే నలుగురూ చూసేదాకా ఆగి, చూపుడువేలితో షటరు లేపేదాన్ని. అది గాలిపటంలా పైకి పోయేది. దించేటప్పుడు మాత్రం కొక్కెం పట్టుకొని నేను గాల్లో ఊగేదాన్ని. అది ఎవరూ చూడకుండా చూసుకునేదాన్ని.

తర్వాత అరవై తొమ్మిది, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి. ఎప్పుడు బంద్ అంటారో, ఊరేగింపు మలక్‌పేట దిక్కు నుంచి ఎప్పుడొస్తుందో తెలియదు. అరుపు వినబడగానే దుకాణం మూయాలి. ఆలస్యమైతే రాయి వస్తుంది. మాది గాజు దుకాణం. రెండుసార్లు నేను కొక్కెం పట్టుకొని ఊగుతుండగానే చిమ్నీల వరస రాలిపోయింది. ఆ ఊరేగింపుల్లో మా చర్చి పిల్లలే ఉండేవాళ్ళు. నాకూ ఆ మాటలు నచ్చేవి, చిమ్నీల సంగతి వదిలేస్తే. మా తమ్ముళ్ళకు నౌకరీలు రావాలని నాకు మాత్రం లేదా?

ఆ నెలల్లో అప్పుడప్పుడే షటర్లు పెట్టుకున్న మిగతా దుకాణాలవాళ్ళంతా మేస్త్రి వెంటపడ్డారు. స్ప్రింగు సడలించు, ముట్టుకుంటే కిందపడేట్టు చెయ్యి అని. ఆయన ఒక్కరికీ చెయ్యలేదు. "ముట్టుకుంటే పడేది ముట్టుకోకపోయినా పడుతుందండి. కింద మీ అబ్బాయి ఉంటాడు," అని వెళ్ళిపోయేవాడు. నా షటరు సంగతి వేరు, దాన్ని బిగించమని చెడగొట్టింది నేనే గనక. కబురు పెడితే వచ్చాడు. చూసి, "రెండు చుట్లు తీయాలి. మా బావమరిదిని తీసుకొని రేపొస్తాను. ఇద్దరి కూలీ అవుతుందండి," అన్నాడు.

నేను బేరమాడాను. రెండో మనిషెందుకు, నేను పట్టుకుంటానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేను ఇంకో మాటన్నాను. ఒప్పుకున్నాడు. అంత త్వరగా తెగిన బేరం నా జీవితంలో లేదు. నేను ఉబ్బిపోయాను.

మర్నాడు పదకొండింటికి, నాన్న ఇంట్లో దమ్ముతో పడుకొని ఉన్నాడు, దుకాణంలో నేనూ మేస్త్రీ. షటరు పైకి చుట్టి తాళ్ళు కట్టాం. నా గాజులు తీయించాడు, మట్టి రుద్దించాడు, చీర కొంగు బొడ్లో దోపించాడు. రెండు నిచ్చెనలు. ఎటు నిలబడాలో, పిడి ఎటు తిరుగుతుందో చూపించాడు. పానాకు ఒకవైపే పట్టు ఉంటుంది, తిరగేసి పెడితే జారిపోతుందని రెండుసార్లు చెప్పాడు. పట్టీల బోల్టులు విప్పాడు. ఇరుసు బరువు నా చేతుల్లోకి వచ్చింది. బరువనడం సరికాదు. ఎవరో అవతలి నుంచి ఆపకుండా గుంజుతున్నట్టుంటుంది, ఊపిరి తీసుకోడానికి కూడా ఆగకుండా.

"పట్టిన," అన్నాను.

"పట్టాను," అన్నాడు కాసేపటికి.

అలా ఒక చుట్టు వదిలాం. నాకు గర్వంగా ఉంది. ఈ పనికి ఇద్దరి కూలీ అడిగాడే అనుకున్నాను. రెండో చుట్టులో పావు వంతు అయింది. నేను పట్టాను. "పట్టిన," అన్నాను. ఆయన తన పానా తీశాడు.

అప్పుడు అరుపులు వినబడ్డాయి. బంద్, బంద్. దగ్గర్నుంచే. ఆయన రోడ్డు వైపు చూశాడు. నా వైపు చూశాడు. నిచ్చెన దిగి పానా కింద పెట్టాడు. పట్టీ తేవడానికి దిగాడనుకున్నాను. గడియారం మూట తీసుకున్నాడు. చెప్పులు వేసుకోలేదు. జాడీల మధ్య నుంచి వెనక తలుపు దగ్గరకు పోయాడు.

"మేస్త్రీ! ఏడికి పోతున్నవ్?"

తలుపు దగ్గర వెనక్కి తిరిగాడు. ఆయన మొహంలో రంగు లేదు.

"వదలకండి అమ్మాయిగారూ," అన్నాడు. వెళ్ళిపోయాడు.

మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత రెండు చేతులతో పిడిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఇరుసు గుంజుతూనే ఉంది. ఊరేగింపు దుకాణం ముందుకు వచ్చింది. ముందున్న పొడుగాటి పిల్లవాడు, కాలేజీలో చివరేడు చదివే వయసు, లోపలికి తొంగిచూశాడు.

"అక్కా, దుకాణం బంద్ చెయ్యమంటే ఇనవడ్తలేదా?"

"చేస్త తమ్మీ. చెయ్యి ఇడిసెటట్టు లేదు."

"నిచ్చెనెక్కి సత్యాగ్రహమా?" అన్నాడు వెనక ఇంకొకడు. అందరూ నవ్వారు. వెనక నుంచి ఒక రాయి వచ్చింది. సాసర్ల దొంతర పోయింది.

"ఏయ్, కొట్టకున్రిరా!" అని ఆ పొడుగాటి పిల్లవాడే అరిచాడు. "ఏందక్కా కత?"

"గా కింద పానా ఉన్నది. తీస్కొని ఎక్కు. గీ ఇరుసుకు తగిలియ్యి. నేను ఎక్కువసేపు ఆపలేను తమ్మీ."

ఎక్కాడు పాపం. చురుకైన పిల్లవాడు. పానా తగిలించాడు, బిగించాడు. "పట్టిన అక్కా, ఇడువు," అన్నాడు.

నేను వదిలాను. నాలుగేళ్ళుగా ఆ ఇద్దరి నోట విన్న మాట కదా అది. చూడకుండా వదిలాను.

అతను పానా తిరగేసి పెట్టాడు.

చప్పుడు గుర్తుంది. నా పానా పిడి చుట్టు తిరిగి వచ్చి నా ఎడమ మణికట్టు మీద పడింది. ఆ పిల్లవాడికి ఏమీ కాలేదు, దేవుడి దయ, వాడు మొహం పక్కకు పెట్టుకున్నాడు. వాళ్ళే నన్ను రిక్షా ఎక్కించి దవాఖానకు తీసుకుపోయారు. ఇద్దరు దుకాణం ముందు నిలబడి, నాన్న వచ్చేదాకా ఇంకో రాయి పడకుండా చూశారు. ఎవరి నుంచి ఆయన పారిపోయాడో వాళ్ళు.

చేతికి కట్టుతో ఇంటికొస్తే నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మేస్త్రి ఏడి బిడ్డా?"

"పోయిండు."

"చెప్పి పోయిండా?"

"చెప్పిండు. ఇడువకు అని చెప్పి పోయిండు."

నాన్న చాలాసేపు దగ్గాడు.

పది రోజులకు బావమరిది వచ్చి, ఇంకో మనిషిని పెట్టుకొని, స్ప్రింగు కట్టి వెళ్ళాడు. నడుం ఎత్తులో ఆగింది. కూలీ తీసుకోలేదు. మేస్త్రి ఎక్కడున్నాడంటే భుజం ఎగరేశాడు. కింద పడి ఉన్న మేస్త్రి పానా మాత్రం నేనివ్వలేదు. గల్లా వెనక మేకుకు తగిలించాను. కప్పు కొనడానికి వచ్చినవాళ్ళు "అదేందమ్మా, గాజు దుకాణంల పానా?" అని అడగాలి కదా. అడిగేవాళ్ళు. నేను మొత్తం చెప్పేదాన్ని: మట్టి రుద్దడం, పట్టాను అనడం, చెప్పుల్లేకుండా పోవడం, వెనక్కి తిరిగి ఆ ఒక్క మాట. ఏడాది తిరిగేసరికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ కట్టు విప్పినట్టు చేయి చూపాలో తెలిసిపోయింది. విన్నవాళ్ళు "అయ్యో, ఎంత నమ్మించి!" అనేవాళ్ళు. సామాను కొనకుండా పోయేవాళ్ళు కాదు. నమ్మినవాడు ద్రోహం చేస్తే ఇంత గిరాకీ ఉంటుందని నాకెవరూ ముందు చెప్పలేదు.

నా మణికట్టు వంకరగానే అతికింది. పెళ్ళయ్యాక కూడా నా జడ నేను వేసుకోలేకపోయేదాన్ని.

ఆరేడేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం ఆయనే దుకాణం ముందు నిలబడ్డాడు. జుట్టు తెల్లబడింది. ముంజేతులు అలాగే ఉన్నాయి.

"బాగున్నారా అమ్మాయిగారూ?"

"ఒచ్చినవా మేస్త్రీ? పానా కోసమా?"

ఇన్నేళ్ళూ కడిగి తుడిచి పెట్టుకున్న మాటలన్నీ నాలుక మీదికి వచ్చాయి. ఆయన పానా వైపు చూడనే లేదు.

"పానా మీ దగ్గరే ఉంచండి. మీకో దండం పెట్టి పోదామని వచ్చాను. ఆ రోజు మీరు ముందే చెప్పకపోతే మేం లేమండి. ఇక్కణ్ణుంచి నేరుగా ఇంటికి పరిగెత్తాను. ఇంటిదాన్నీ పిల్లల్నీ ఉన్నపళంగా బెజవాడ బస్సెక్కించాను. ఆ తర్వాతి వారమే మా సందులో రాళ్ళు పడ్డాయి, మా ఇంటి తలుపు కాల్చారు. లోపల ఎవరూ లేరు."

బేరం దగ్గర నేను ఇంకో మాటన్నానని రాసి, ఆ మాటేమిటో రాయకుండా దాటేశాను. అలవాటైన పనే, జాడీకి పగులున్న వైపు గోడకు తిప్పి పెడతాం. ఆ రోజు నేనన్నది ఇది: "మేస్త్రీ, మొన్న మలుపు కాడ హోటల్ల నలుగురు నీ గురించి అడిగిన్రు. గా ఆంధ్ర మేస్త్రి ఏడుంటడు, ఇంట్ల ఎవరెవరుంటరు అని. మా మనిషి, జోలికి పోకున్రి అని నేనే సర్ది చెప్పిన. గీ దినాలల్ల నీకోసం మాట్లాడేటోళ్ళెవరు? నాతోని ఇద్దరి కూలీ అంటవా?"

ఎవరూ అడగలేదు. హోటల్లో నలుగురు లేరు. వంకాయలమ్మే ఆమెతో, అవతల అణా తక్కువకిస్తున్నారని చెబుతామే, ఆ వరసలో నోటికొచ్చింది. రెండో నిమిషానికి మరిచిపోయాను కూడా.

ఆయన్ని దండం పెట్టనిచ్చి ఊరుకుంటే పోయేది. కానీ ఆ దండంతో నా ఏడేళ్ళ కథ అంతా తారుమారవుతోంది. వంకర చేయి ఆయన ముందు పెట్టాను.

"నన్ను నిచ్చెన మీద ఇడిసిపోయినందుకా దండం? గీ చెయ్యి చూడు."

ఆయన చేయి పట్టుకొని చూశాడు. ఇరుసును చూసినట్టే, తిప్పి, వేలితో నొక్కి. "తప్పే అండి," అన్నాడు. "పట్టీ బిగించి పోవాల్సింది. రెండు నిమిషాలు పట్టదు. కానీ ఆ అరుపులు వినగానే, ఆ నలుగురే నాకోసం వచ్చారనుకున్నాను. నా వల్ల మీ దుకాణం మీద పడతారని కూడా అనుకున్నాను. మీరే గదండి చెప్పింది."

"ఎవ్వరు అడుగలే మేస్త్రీ."

"అంటే?"

"అబద్ధం చెప్పిన. నీ బామ్మర్ది కూలీ మిగులుతదని. ఈ బజార్ల నీ సంగతి ఎవ్వనికి యాది గూడ లేకుండె."

ఎందుకన్నానో అప్పుడే తెలుసు. నొప్పి పెట్టాలని అన్నాను.

ఆయన నా చేయి మెల్లగా గల్లా బల్ల మీద పెట్టాడు. వస్తువు తిరిగిచ్చినట్టు. రోడ్డు వైపు తిరిగి, ఒక్కొక్క దుకాణాన్నీ చూశాడు.

"ఆరేళ్ళు ఈ రోడ్డు తొక్కలేదండి నేను," అన్నాడు. "మళ్ళీ ఊరొచ్చాక కూడా సందుల్లోంచి చుట్టు తిరిగి పోయేవాణ్ణి. ఆ నలుగురూ ఎవరా అని. సోడాలాయనా? ఆయన షటరు నేనే కట్టాను. చెప్పుల కొట్టాయన కొడుకులా? వాళ్ళింట్లో అన్నం తిన్నాను. ఎవరి మొహం చూసినా, నువ్వేనా, నువ్వేనా అనుకునేవాణ్ణి." సోడా కొట్టు వైపు చూశాడు. "ఎవరూ కాదన్నమాట."

నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. సోడా కొట్టు ముందు ఆగాడు. ఆ ముసలాయన గుర్తుపట్టి లేచి భుజాలు పట్టుకోవడం, ఈయన అక్కడే బల్ల మీద కూలబడి మొహం కప్పుకోవడం నేను దుకాణంలోంచి చూశాను.

అయినా నా కోపం పోలేదు. పోయిందని రాస్తే బాగుంటుంది గాని, అబద్ధమవుతుంది. రెండు నిమిషాలు పట్టదు అని ఆయనే అన్నాడు కదా. ఆ రెండు నిమిషాలు నాకివ్వలేదు. బజారులో నా కథ పాతలాగే చెబుతూ వచ్చాను. హోటల్లో నలుగురి మాట ఎప్పుడూ చెప్పలేదు. ఆయన చెబుతాడేమో, సోడాలాయనతో అయినా చెబుతాడేమోనని కొన్నాళ్ళు ఎదురుచూశాను. నా అబద్ధం బజారెక్కితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో అనుకున్నాను. ఎక్కలేదు.

చాలా ఏళ్ళకు, మేస్త్రి చనిపోయాడని బావమరిది వచ్చి చెప్పాడు. నేను విన్నంతలో అతను మాట్లాడిన పొడుగాటి వాక్యం అదే: "బావ పోయిండు, అక్క మిమ్మల్ని రమ్మంటుంది." ఇన్నేళ్ళు ఇక్కడుండి అతని మాట సగం మాదైపోయింది.

సైదాబాద్ సందులో ఆ ఇంటి తలుపు ఒక చెక్క ఒక రకం, ఇంకో చెక్క ఇంకో రకం. లోపల చాప మీద ఆడవాళ్ళు కూర్చొని ఉన్నారు. మేస్త్రి భార్యను నేను అంతకుముందు చూడలేదు. ఆమె నన్ను చూసి, ముందు నా మొహం కాదు, ఎడమ చేయి చూసింది. లేచి వచ్చి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఈవిడే," అని చాప మీద వాళ్ళతో అంది. "గాజు కొట్టు అమ్మాయిగారు. ఆ గొడవల్లో నలుగురి మధ్య నిలబడి మాకోసం మాట్లాడింది ఈవిడే. చేయి కూడా అందుకే పోయింది. ఆయన చెప్పని రోజు లేదు. మొన్న ఆసుపత్రిలో కూడా చెప్పారు."

మొన్న ఆసుపత్రిలో కూడా. అంటే నేను నిజం చెప్పిన తర్వాత ఇన్నేళ్ళూ.

నా అబద్ధం సంగతి ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. నన్ను కాపాడాడనుకోవాలా, నన్ను ఇలా నిలబెట్టి పగ తీర్చుకున్నాడనుకోవాలా, ఆ గుమ్మంలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. అడగడానికి మనిషి లేడు. చాప మీద ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. అందులో అప్పుడు బస్సెక్కిన పిల్లలు కూడా ఉన్నారు, చంకల్లో పిల్లలతో.

ఆమె నా చేయి వదలకుండా, గోడవారన నాకు చోటు చేసింది. ఎవరో గ్లాసుతో నీళ్ళు తెచ్చారు. చెప్పడానికి నోరు తెరిచాను. "ముందు తాగండమ్మా, ఎండన పడి వచ్చారు," అంది ఆమె.

తాగాను.